నంగలి దగ్గర కానుగ కొమ్మ

ఉదయం ఆరూ పదికి, చెన్నైలో టమాటా దించి ఖాళీ క్రేట్లతో కోలారుకు తిరిగి వస్తున్న లారీ ఒకటి నంగలి దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న సిమెంటు లారీని వెనక నుంచి గుద్దింది. డ్రైవర్ నాగేశ్ అక్కడికక్కడే చనిపోయాడు. బ్రేకు వేసిన గుర్తు రోడ్డు మీద లేదు.

అదే కంపెనీ బండిని వెనకాలే తోలుకొస్తున్న సునీల్‌కుమార్ ముందుగా దిగాడు. చెల్లాచెదురైన క్రేట్లు దాటుకుంటూ క్యాబిన్ దాకా పోయాడు. "నాగేశా, లేయప్పా" అని రెండుసార్లు పిలిచాడు. తరువాత సిమెంటు లారీ వెనక చూశాడు. నలిగిన కానుగ కొమ్మ, పక్కకు ఎగిరిపడ్డ రాళ్లు కనిపించాయి. ఆ బండి నిజంగానే చెడిపోయింది.

ముందు రోజు పలమనేరు దగ్గర నాగేశ్ లారీ వెనక అలాంటి కొమ్మే పెట్టింది సునీల్‌కుమార్. ఆ బండికి ఏమీ కాలేదు.

దారిలో లారీ చెడిపోతే వెనక రాళ్లు పేర్చి, చెట్టు కొమ్మ విరిచి పెడతారు. వెనక వచ్చేవాడికి అది హెచ్చరిక. నరసింహప్ప ట్రాన్స్‌పోర్టులో మాత్రం బండి బాగున్నా ప్రతి ట్రిప్పులో ఒకసారి ఆపాలి. బానెట్ ఎత్తి, కొమ్మ పెట్టి, ఫొటో తీసి కంపెనీ గ్రూపులో పెట్టాలి. సరుకు ఆలస్యమైతే వ్యాపారికి చూపించడానికని ఆఫీసు చెప్పింది. డ్రైవర్లు నమ్మారు. ఫొటో తీసిన నిమిషానికే కొమ్మ పారేసి బండెక్కేవారు.

పోలీసు స్టేషన్‌లో ఓనరు నరసింహప్ప ఆ కొమ్మ ఫొటో తెరిచి తన ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"చూడండి సార్. నిన్న బండి చెడిపోయి నాలుగు గంటలు నిలబడింది. వాడు హాయిగా నిద్రపోయినాడు. ఇంగ మేము నిద్రలేకుండా తోలించినామని ఎట్లంటారు? వాడే తాగినాడో ఏమో."

బయట నాగేశ్ భార్య మారమ్మ సునీల్‌కుమార్ చొక్కా పట్టుకుంది.

"అన్నా, నువ్వు వెనకాలే ఉంటివి కదా. ఆయప్ప నిజంగా నిద్రపోయినాడా?"

సునీల్‌కుమార్ చొక్కా విడిపించుకుని కుళాయి దగ్గరికి పోయాడు. అక్కడికి నరసింహప్ప వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమప్పా సునీలా. ఆ ఫొటో తీసింది నువ్వు. దొంగ ఫొటో అంటే దొంగవి నువ్వు. లోపలికి పోయేది నువ్వు. తెలుస్తుందా?"

"తెలుస్తుందన్నా."

"మీ నాయనకు దగ్గు ఎట్లుండాది? ఒక్కడే ఉంటాడు కదా ఇంట్లో."

ఆ తరువాత సునీల్‌కుమార్ ఇంటి ముందు బైకు ఆగినా లేచి కూర్చునేవాడు.

ఆదివారం పొద్దున ఆండర్సన్‌పేటలో డ్రైవర్లు కూడారు. కూడింది సునీల్‌కుమార్ ఇంటి ముందే. అతను వద్దన్నాడు. ఒకప్పుడు బంగారు గనిలో పని చేసిన అతని తండ్రి పాపన్న, "నా ఇల్లు, నా వాకిలి. రానీ" అన్నాడు. కోలారు కోర్టులో వకీలు జలజను మారమ్మ వెంటబెట్టుకొచ్చింది.

"రోజుకు ఎన్ని గంటలు తోలుతారు?" అని జలజ అడిగింది.

డ్రైవర్లలో అందరికన్నా పెద్దవాడు ఓబలప్ప లేచాడు.

"పచ్చి సరుకుకు గంటలు లేవమ్మా. నాకు స్టీరింగ్ నేర్పినోడు చెప్పినాడు. వానికి నేర్పినోడు చెప్పినాడంట. పోలీసోళ్లు ఆపినా అదే చెప్తాం, వాళ్లూ ఇడిచిపెడ్తారు."

"చట్టంలో రోగులను మోసే బండికి మినహాయింపు ఉండాది. దేశ రక్షణ పనికి పోయే బండికి ఉండాది. టమాటా పేరు నాకు యాడా కనపడలేదు."

"టమాటాకు జ్వరమొస్తే?" అని వెనక నుంచి ఒకడు అన్నాడు. నవ్వారు. మారమ్మ నవ్వలేదు. నవ్వు ఆగిపోయింది.

జలజ విడమరిచి చెప్పింది. రోజుకు ఎనిమిది గంటలు, లోడు ఎక్కించే టైమూ కలిపి. దూరపు రూటుకు అధికారి ముందుగా ఒప్పుకుంటే పది. ఐదు గంటలు దాటకముందే అరగంట విరామం. బండి చెడిపోతేనో, రోడ్డు మూసుకుపోతేనో అంతకన్నా ఎక్కువ తోలించవచ్చు.

"చెడిపోతే," అన్నాడు ఓబలప్ప నెమ్మదిగా. "దానికా ఫొటో?"

"దానికే. బతికుంటే ఎక్కువ గంటలు తోలించినదానికి సాకు. చచ్చిపోతే నిద్రపోయినాడనేదానికి సాక్ష్యం."

ఓబలప్ప కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"సరేనమ్మా. ఎనిమిది గంటలకు బండి ఆపితే రైతు సరుకు కుళ్లదా? సుగటూరు రైతు మా నోట్లో మన్ను కొట్టడా?"

"రెండో డ్రైవర్ ఎక్కితే కుళ్లదు. రెండో మనిషిని పెట్టకుండా ఉండేది రైతా, మీ ఓనరా?"

"ఓనరే" అని నలుగురైదుగురు అన్నారు.

"నాగేశ్ నిద్రపోలేదని చెప్పే మనిషి కావల్ల," అంది జలజ. "చూసిన మనిషి."

అందరూ సునీల్‌కుమార్ వైపు తిరిగారు. అతను గడప మీద కూర్చుని ఉన్నాడు.

"నాకు భయమవుతుందమ్మా," అన్నాడు. "ఊరికే చెప్పలా. తినేది కూడా దిగల్యా."

"భయం యావునికి లేదురా?" అన్నాడు ఓబలప్ప. "నాకు లేదా? నేనూ పెట్టినాను కొమ్మలు."

పాపన్న దగ్గు ఆపుకోవడానికి గోడ పట్టుకున్నాడు.

"గనిలో షిఫ్టు సైరన్ కూసినంక లోపల ఎవురూ నిలబడేవాళ్లం కాదు. ఒక్కడు ముందుగా పైకొస్తే మేస్త్రీ పట్టుకునేవాడు. అందుకే పైకి లాగే కేజి పెట్టె నిండా వచ్చేవాళ్లం. అందర్నీ ఎట్ల పట్టుకుంటాడు?"

వాదన మధ్యాహ్నం దాకా సాగింది. ఇద్దరు మధ్యలోనే వెళ్లిపోయారు. మిగిలినవారు ఒక మాటకు వచ్చారు. ఇక కొమ్మ పెట్టరు. ఎనిమిది గంటలు కాగానే బండిని రోడ్డు దింపి ఆపుతారు. బానెట్ మూసి ఫొటో తీస్తారు. బండికి ఏమీ కాలేదని, తమ గంటలు అయినాయని అదే గ్రూపులో చెబుతారు.

"ముందు ఎవురు?" అన్నాడు ఓబలప్ప.

మారమ్మ సునీల్‌కుమార్ వైపు చూడలేదు. చూసి ఉంటే తల దించుకునేవాడినని అతను తరువాత జలజతో చెప్పాడు. సునీల్‌కుమార్ గడప మీద నుంచి లేచి "నేను" అన్నాడు.

సోమవారం పొద్దున ఆరుకు సునీల్‌కుమార్ లక్కూరు తోటలో లోడు మొదలుపెట్టాడు. సుగటూరులో ఇంకొంత ఎక్కించి, టార్పాలిన్ కట్టి, కోలారు మండీకి పోయి, చెన్నై దారి పట్టాడు. అన్నం తిన్న అరగంట తీసేసి, రెండున్నరకు ఎనిమిది గంటలు నిండాయి. వెనక నంగలి ఇంకా కనిపిస్తూనే ఉంది. బండిని రోడ్డు దింపి ఇంజన్ ఆపాడు. బానెట్ మూసి ఉన్నట్టే ఫొటో తీశాడు. గ్రూపులో పెట్టాడు.

ఫోన్ మోగింది.

"ఏమిరా, బ్రేక్‌డౌనా? కొమ్మ యాడ?" అన్నాడు నరసింహప్ప.

"బండి బాగుండాదన్నా."

"బాగుంటే తోలు."

"నా ఎనిమిది గంటలు అయిపోయినాయి. ఇంగో డ్రైవర్‌ను పంపించండి. నీడలో పెట్టినాను, సరుకుకు ఏం కాదు."

నరసింహప్ప గొంతు తగ్గించాడు.

"సునీలా, మీ నాయన ఇంట్లో ఒక్కడే ఉండాడా?"

"లేదన్నా. ఓబలప్ప వాళ్లింటి ఆడోళ్లు, మారమ్మ, పది మంది ఉండారు."

అది నిజమే. పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ఆ మాట చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు. క్యాబిన్ దిగి చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు.

పోలీసు జీపు వచ్చింది. దాని వెనక నరసింహప్ప కారు వచ్చింది. సరుకును దారిలో ఆపి ఎత్తుకుపోబోయాడని ఫిర్యాదు. ఎస్‌ఐ తాళం అడిగాడు. సునీల్‌కుమార్ ఇచ్చాడు.

"ఏమైనా చెప్పేదుందా?"

"ఉంది సార్. నాగేశ్ బండి వెనక కొమ్మ పెట్టింది నేను. ఫొటో తీసింది నేను. ఆ బండి చెడిపోలేదు. నాగేశ్ నిద్రపోలేదు. నిద్రకని ఒక్క నిమిషం కూడా బండి ఆపలేదు. నేను వెనకాలే ఉన్నాను."

"ఈ మాటతో నీమీద ఇంకో కేసు అవుతుంది."

"తెలుసు సార్. రాసుకోండి."

ఎస్‌ఐ నరసింహప్ప వైపు చూశాడు. జీపు తలుపు తెరిచి సునీల్‌కుమార్‌ను ఎక్కించాడు.

స్టేషన్‌లో సునీల్‌కుమార్ ఫోన్ తీసుకుని బల్ల మీద పెట్టారు. సాయంత్రం నాలుగు దాటాక అది మోగడం మొదలుపెట్టింది. మాలూరు నుంచి, ఆగిన బండి ఫొటో ఒకటి గ్రూపులో వచ్చింది. ముళబాగిలు నుంచి ఒకటి. పలమనేరు నుంచి రెండు. ఆదివారం మధ్యలో వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకడు పంపింది అందులో ఉంది. జలజ స్టేషన్‌కు వచ్చే సమయానికి నరసింహప్ప బయట వరండాలో ఫోన్‌లో అరుస్తున్నాడు.

ఆరు గంటలకు ఓబలప్ప ఫొటో వచ్చింది. బానెట్ మూసి ఉంది. లారీ వెనక రాళ్లు లేవు, కొమ్మ లేదు.