పల్లంలో ఆగిన చప్పుడు

రిబ్కమ్మ గుడ్డసంచీ విప్పి మళ్లీ మొదట్నుంచీ సర్దింది. అడుగున తమ్ముడు పున్నయ్య పంచె, దాని మీద కొడుకు సువర్ణరాజు చొక్కా, పక్కన ఆవకాయన్నం మూట. మామిడికాయల లోడుతో బెజవాడ వెళ్లేది వాళ్లిద్దరే. కొడుకు లారీ డ్రైవరు, తమ్ముడు క్లీనరు. సంచీ మూతి కట్టేస్తే ఇక బయల్దేరిపోతారు. అందుకే కట్టకుండా ఏదో ఒకటి తీస్తూ పెడుతూ ఉంది.

"అమ్మా, పెళ్లికి వెళ్తున్నామా ఏంటి? ఇటు పడెయ్," అన్నాడు సువర్ణరాజు. వాడి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కాయకోతలు మొదలైన దగ్గర్నుంచీ వాడు సరిగా మంచం మీద నడుం వాల్చింది లేదు.

"కాసేపు కునుకు తీసి వెళ్లరా."

"నేను పడుకుంటాలే, కాయ పడుకోవద్దూ? దార్లో మగ్గిపోతే కొనేదెవడు?"

"కాయ పోతే పైఏడు మళ్లీ కాస్తది. నువ్వు..."

పెట్రోలు కూపన్ల మీద ఇస్తున్న రోజులవి. చాట్రాయి నుంచి నూజివీడు దాకా దారంతా మిట్టలూ పల్లాలూ. మిట్ట ఎక్కగానే డ్రైవర్లు ఇంజను ఆపి, గేరు తీసేసి, పల్లంలోకి బండిని దాని మానాన జారనిచ్చేవాళ్లు. అలా పెట్రోలు మిగిలేది. ఇంజను నడుస్తూ చిన్న గేరులో ఉంటే బండిని అదే పట్టి ఉంచుతుందనీ, ఆపేస్తే బరువంతా బ్రేకు మీద పడుతుందనీ రిబ్కమ్మకు తెలుసు. డ్రైవింగు నేర్చుకునే రోజుల్లో కొడుకే ఆ సంగతి గొప్పగా చెప్పాడు. ఇప్పుడా లారీకి బ్రేకు సరిగా పట్టడం లేదు. దానికి బదులుగా పున్నయ్య తుమ్మచెక్క దిమ్మ పట్టుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడతాడు. బండి ఆగకపోతే దూకి, చక్రం కింద దిమ్మ పెడతాడు.

"ఇది బ్రేకు పనా, మనిషి పనా?" అంది తమ్ముడితో.

పున్నయ్య దిమ్మను పసిపిల్లాడిలా చంకనెత్తుకుని నవ్వాడు. "నేనున్నాగా అక్కా! ఇది ఏనుగునైనా ఆపుద్ది."

"మరి నిన్నెవడాపుతాడ్రా?"

"నీ మరదలి వల్లే కాలేదు, ఇంకెవరి వల్ల అవుద్దీ?"

ఆమెకు నవ్వు రాలేదు. సంచీ తనే పట్టుకుని, లోడు వేస్తున్న తోట దాకా వాళ్ల వెంట నడిచింది. గడ్డి పరిచి నింపిన కాయలు లారీ అంచులు దాటి పైకి లేచి ఉన్నాయి. యజమాని తిరుపతిరావు పక్కనే నిలబడి తాళ్లు బిగింపిస్తున్నాడు.

"అయ్యా, బ్రేకు బాగుచేయించాక పంపండయ్యా."

"సీజను కానీవమ్మా, బండి మొత్తం విప్పిస్తాను. నీ కొడుకు చెయ్యి మంచిది, నీ తమ్ముడి దిమ్మ గట్టిది. ఇంకేం కావాలి?"

"పోనీ లోడైనా తగ్గించండి."

"తగ్గించిన కాయ నువ్వు నెత్తిన పెట్టుకొస్తావా?"

కూలీలు పక్కున నవ్వారు. రిబ్కమ్మ లారీ తలుపు దగ్గరికి వెళ్లి, స్టీరింగు మీదున్న కొడుకు చెయ్యి పట్టుకుంది.

"పల్లంలో ఇంజను ఆపనని ప్రభువు మీద ఒట్టెయ్."

"ఆపన్లే అమ్మా."

"ఒట్టెయ్యి."

"ఆపనన్నానా! ఇచ్చిన పెట్రోలు చాలకపోతే దార్లో నిలబడిపోతానని ఆ ప్రభువుకి తెలియదా?" అంటూనే వాడు బండి కదిలించాడు. ఒట్టు వెయ్యలేదు.

పొద్దు వాలుతోంది. ఆమె గట్టెక్కి చెవి అటే పెట్టి నిలబడింది. లారీ మూలుగుతూ మిట్ట ఎక్కుతోంది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ బిడ్డ మాట మీద ఉన్నట్టే. మిట్ట మీదికి చేరింది. చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

రిబ్కమ్మ గట్టు అంచుకు జరిగింది. తోటలో ఎవరో ఎవర్నో కేకేస్తున్నారు. ఆ కేక మీద ఆమెకు చెప్పలేనంత కోపం వచ్చింది. పల్లం అడుగున కల్వర్టు దగ్గర బండి పడిపోతే ఇక్కడికి వినపడుతుందా? ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి, ఎక్కడో దూరంగా, ఇంజను దగ్గినట్టు దగ్గి మళ్లీ అందుకుంది.

"దొంగవెధవ! రానీ, వీపు చీరేస్తాను," అంటూ అక్కడే చతికిలబడి ఏడ్చింది. ఈసారి సంచీ అటక మీద దాచేయాలనుకుంది. సంచీ లేకపోతే ఎలా వెళ్తారో చూస్తాననుకుంది.

మొదటి పల్లం క్షేమంగా దిగినవాడు రెండోదాంట్లోనూ ఇంజను ఆపుతాడని ఆమెకు తోచలేదు.

మర్నాడు పొద్దున సువర్ణరాజు ఎడ్లబండిలో వచ్చాడు. చేతికి కట్టు. ఒళ్లో సంచీ. నూజివీడు దగ్గర పల్లంలో ఎడ్లబళ్లు అడ్డం వచ్చాయట.

"కునికానమ్మా. బళ్లు కనపడేసరికే దగ్గరికొచ్చేశాం. తొక్కితే బ్రేకు పట్టలేదు. మావయ్య దూకాడు. దిమ్మ కంకర మీద జారింది, మావయ్య చక్రం కింద పడిపోయాడు."

"ఇంజను?"

వాడు తల దించుకున్నాడు. "ఆపేశాను."

రిబ్కమ్మ సంచీ విప్పింది. అన్నం మూట కట్టినట్టే ఉంది. పంచె మడత నలగలేదు.

తిరుపతిరావు ఆ వారమే బ్రేకు బాగుచేయించాడు. సువర్ణరాజు చెయ్యి అతుక్కుంది. పున్నయ్య తిరిగి రాలేదు. 1948 మే నెల, రెండో శుక్రవారం సాయంత్రం వెళ్లాడు.