రెండో టేబులు

ఆపరేషన్ థియేటరు తలుపు తీసుకుని పెద్దక్క బయటికొచ్చేసరికి కారిడార్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కూర్చున్నవాళ్లంతా ఆవిడలాంటి మత్తు డాక్టర్లే. రోగిని నిద్రపుచ్చి, కోత పని పూర్తయ్యేదాకా ఊపిరి కాపాడి, మళ్లీ లేపేవాళ్లు. పెద్ద చదువు ముగించి, ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని, ఉద్యోగం కోసం బడిపిల్లల్లా బుద్ధిగా ఎదురుచూస్తున్నారు. వాళ్ల కళ్లముందే మేనేజరు పెద్దక్క మెడలోని గుర్తింపు కార్డు తీసేసుకున్నాడు.

పెద్దక్క చేసిన నేరం చిన్నది కాదు మరి. కిందటి వారం ఒక టేబులు మీద ముసలాయన్ని నిద్రపుచ్చి కూర్చుని ఉండగా, పక్క థియేటర్లో రెండో టేబులు మీది మనిషిని కూడా చూసుకోమన్నారు. అటూ ఇటూ పరుగులు పెట్టింది. ఒకసారి వెనక్కి వచ్చేసరికి ముసలాయన పెదాలు నల్లబడిపోయి ఉన్నాయి. ఊడిపోయిన ఊపిరి గొట్టం సరిచేసి, చెమటలు కక్కుకుంటూ ఆయన్ని బతికించింది. మర్నాటి నుంచి రెండో టేబులుకి వెళ్లనని చెప్పేసింది. ఇద్దరు చేసే పనికి ఒక్కరితో సరిపెట్టుకుంటున్న ఆసుపత్రికి, ఆ మాట ఎలా మింగుడుపడుతుంది?

"చూశావుగా," అన్నాడు మేనేజరు, కుర్చీల వరస వైపు చెయ్యి చాపి. "నువ్వు పోతే ఇంతమంది. నీ జీతంలో సగమిస్తామన్నా ఎగిరి గంతేస్తారు."

కుర్చీల్లో ఒక్కరూ తలెత్తలేదు. మూడో కుర్చీలో ఉన్న పీటమ్మకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. మనిషి బాగా పొట్టి. చదువుకునే రోజుల్లో టేబులు దగ్గర పీట వేసుకుని నిలబడేది కాబట్టి ఆ పేరు. పేరు పెట్టింది పెద్దక్కే. రోగి గొంతులోకి గొట్టం దించడం చెయ్యి పట్టుకుని నేర్పిందీ ఆవిడే. ఆవిడ పొట్ట కొట్టడానికే తనని పిలిచారని పీటమ్మకి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక లేచి వెళ్లిపోయిందా అంటే, లేదు. పిలిచేదాకా కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చే బయటికొచ్చింది. ఉద్యోగం లేని మనిషి రోషాన్ని కూడా వాయిదా వేసుకోవాలి.

పెద్దక్క ఇంటికి పోలేదు. ఎదురుగా ఉన్న టీకొట్టు వెనకాల నిలబడి, బయటికొచ్చిన వాళ్లనల్లా పిలిచింది. కొందరు మొహం చాటేసి పోయారు. మిగిలినవాళ్లు తప్పు చేసినట్టు చేతులు కట్టుకుని ఆవిడ చుట్టూ చేరారు.

"మీరేం తప్పు చెయ్యలేదు. కానీ ఒక సంగతి తెలుసుకోండి. ఇన్నాళ్లూ ఇక్కడ ఖాళీలే లేవు," అంది పెద్దక్క. "నెలనెలా మిమ్మల్ని పిలిచి సరిగ్గా థియేటరు ముందే ఎందుకు కూర్చోబెట్టారనుకున్నారు, ఇంకో గది లేకనా? మేం తలుపు తీసినప్పుడల్లా మీరు కనబడాలని. మిమ్మల్ని చూసి మేం వంగుతున్నాం. రేపు మీరు లోపలుంటే, ఇంకొకళ్లని చూపించి మిమ్మల్ని వంచుతారు."

ఫస్టు ర్యాంకు అడ్డుపడ్డాడు. పరీక్షల్లో అతనెప్పుడూ రెండో స్థానం ఎరగడు, అందుకే ఆ పేరు. భార్యకి నెలలు నిండాయి, చేతిలో ఉద్యోగం లేదు, ఆ చిరాకంతా గొంతులో ఉంది. డాక్టర్లు కూడా బస్సు డ్రైవర్లలాగా సంఘాలు పెట్టుకుని రోడ్డెక్కుతారా అని వెటకారమాడాడు.

"రెండు బస్సులు ఒకేసారి నడపమని డ్రైవర్ని ఎవడూ అడగడు," అంది పీటమ్మ. "మనల్నే అడుగుతున్నారు."

నవ్వులు లేచాయి. ఆ నవ్వుతో బిగుసుకుపోయిన నోళ్లు తెరుచుకున్నాయి. ఒకరినొకరు దెప్పుకున్నారు, తిట్టుకున్నారు, ఎవరెవరు ఎక్కడెక్కడ ఎంత తక్కువకి ఒప్పుకున్నారో బయటపెట్టుకున్నారు. చివరికి రెండు మాటల మీద నిలబడ్డారు. సర్కారు ఆసుపత్రిలో కొత్త డాక్టరుకిచ్చే జీతానికి తగ్గి ఎవరూ చేరకూడదు. ఒక డాక్టరు, ఒక టేబులు. ప్రాణం మీదికొచ్చిన కేసు ఏదైనా వస్తే మాత్రం జీతం ఊసెత్తకుండా లోపలికి పోవాలి. అందరూ చేతులెత్తారు. ఫస్టు ర్యాంకు ఎత్తలేదు.

పీటమ్మ ఇంటికెళ్లేసరికి అమ్మ కుట్టుమిషను దగ్గర సూదిలోకి దారం ఎక్కించలేక అవస్థ పడుతోంది. పీటమ్మ ఎక్కించి ఇచ్చింది. మళ్లీ ఇంటర్వ్యూకి రమ్మని ఫోనొచ్చిందని, ఈసారి ఖాళీ నిజమేనని చెప్పింది. ఎవరి ఖాళీయో చెప్పలేదు.

"వీధంతా నన్ను డాక్టరమ్మ తల్లీ అంటోంది," అంది అమ్మ. "ఆ డాక్టరమ్మకి ఇంకా ఈ మిషనే అన్నం పెడుతోందని వాళ్లకేం తెలుసు? నా కళ్లు ఆనడం లేదే. ఎంతిస్తే అంత పుచ్చుకో."

పీటమ్మ రేపటికి పనికొస్తాయని ఇంకో నాలుగు సూదుల్లోకి దారం ఎక్కించి పెట్టింది.

మర్నాడు ఆసుపత్రి చైర్మనే స్వయంగా కారిడార్లోకి దిగాడు. కూరగాయల బేరమాడినట్టు ఒక్కొక్క కుర్చీ ముందూ ఆగి, ఎంతకి చేస్తావని అడిగాడు. మొదటి కుర్చీ సర్కారు జీతం చెప్పింది. రెండోదీ అంతే. మూడో కుర్చీ ముందు ఆగి, కాస్త తగ్గు, కాయితం ఇప్పుడే ఇస్తానన్నాడు. పీటమ్మకి అమ్మ కళ్లు గుర్తొచ్చాయి. అయినా అదే జీతం చెప్పింది. అలా సగం వరస దాటేసరికి చైర్మన్ మొహం మాడిపోయింది. అప్పుడు ఫస్టు ర్యాంకు లేచి నిలబడ్డాడు.

"సగానికి చేస్తానండీ."

అతన్ని వెంటనే లోపలికి తీసుకుపోయారు. చైర్మన్ మిగతావాళ్ల వంక చూసి, ఇక మీరు దయచేయొచ్చు అన్నాడు. ఎవరూ కదల్లేదు. కదిలితే ఏడుపొస్తుందేమోనన్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. పీటమ్మ పళ్లు పటపట కొరికింది. అతన్ని ఎన్ని తిట్లు తిట్టాలో అన్నీ మనసులో తిట్టుకుంది.

కాసేపటికి థియేటరు సిస్టరు తలుపు ఓరగా తీసి లోపలి సంగతి చెప్పింది. ఫస్టు ర్యాంకు మొదటి టేబులు మీద ఒక కూలీని నిద్రపుచ్చాడట. గొట్టం దించి, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తుండగానే రెండో టేబులుకి రమ్మని పిలుపొచ్చిందట. అతను కదల్లేదట. సర్జను అరిచాడు, మేనేజరు బెదిరించాడు, చైర్మన్ బయటి చెప్పులతోనే లోపలికొచ్చి, సగానికి ఒప్పుకుని ఈ నాటకాలేమిటని నిలదీశాడు. దేనికీ అతను తల తిప్పలేదు.

"ఒకటే మాట అంటున్నాడు," అంది సిస్టరు. "ఈయన లేచేదాకా నేను లేవను, అని."

రెండో టేబులు దగ్గర మత్తు కోసం ఎదురుచూస్తున్న ఆడమనిషిని, ఇంకా మెలకువగానే ఉంది కాబట్టి, సిస్టరే వార్డుకి నడిపించుకుపోయింది. పోతూపోతూ దారిలో కనబడ్డ ప్రతివాళ్లకీ ఆ మాట చెప్పింది. పై అంతస్తు థియేటర్లో ఉన్న మత్తు డాక్టరూ అదే మాట అని కూర్చుండిపోయాడని కబురొచ్చింది. ఇద్దరు తుడవాల్సిన వార్డులు ఒక్కరే తుడుస్తున్న ఆయాలు చీపుళ్లు వదిలేసి వచ్చారు. రాత్రీపగలూ స్ట్రెచర్లు తోసేవాళ్లు వచ్చారు. డ్యూటీ దిగిన నర్సులు వచ్చారు. కుర్చీలు చాలక నేలమీదే బాసింపట్టు వేశారు. ఎవరు మొదలుపెట్టారో గానీ, కారిడారంతా ఒకే మాట అయింది. "లేచేదాకా లేవం."

ఆపరేషన్ ముగిసింది. ఫస్టు ర్యాంకు ట్రాలీ వెంట వస్తున్నాడు. కూలీ గడ్డం కింద చెయ్యి పెట్టి తల వెనక్కి ఎత్తి పట్టుకున్నాడు. ఆ మనిషి కళ్లు తెరిచి, దాహమని అడిగాకే ఆ చెయ్యి తీశాడు. తీసిన చెయ్యిని అక్కడే కాచుకుని ఉన్న పోలీసులు పట్టుకున్నారు. రెండో టేబులుకి పోకుండా రోగి ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టాడని కేసు.

చైర్మన్ పీటమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. నువ్వడిగిన జీతమే ఇస్తాను, లోపలికి పో, రెండు టేబుళ్లూ ఆగిపోయాయి అన్నాడు. ఒక్కత్తికే. ఇప్పుడే.

అమ్మకి ఏం చెప్పాలో పీటమ్మకి నిజంగా తెలియదు.

"అతన్ని వదలండి. పెద్దక్కని పిలవండి," అంది. "అప్పుడొస్తాను. ఒక టేబులుకే."

ఇన్‌స్పెక్టరు లాఠీతో కుర్చీ కాలు తట్టి అందర్నీ లేవమన్నాడు. ముందు పీటమ్మని రెక్క పట్టుకుని లాగారు. కారిడారు ఇంకా అదే మాట అంటోంది. ఇన్‌స్పెక్టరుకి ఒళ్లు మండిపోయింది.

"లేచేదాకా, లేచేదాకా అంటారు. ఆ రోగి లేచాడు కదా. ఇంకా ఎవరు లేచేదాకా?"

నేలమీద కూర్చున్న ఆయా ఒకామె తల ఎత్తి చూసింది.

"అందరూ," అంది.

పోలీసు బండి నిండిపోయింది. ఇంకో బండి పంపమని ఇన్‌స్పెక్టరు పక్క ఊరి స్టేషనుకి ఫోను చేశాడు. అక్కడి ఆసుపత్రి దగ్గర కూడా జనం కూర్చున్నారు, బండి ఖాళీ లేదని అవతల నుంచి జవాబొచ్చింది.