చెమట పట్టనివ్వని మొక్కు

రోగమొచ్చిన పెళ్ళాంతో ఎలా వేగాలో పరదేశికి బాగా తెలుసు. ఏ పూట ఏ మాత్ర వేయాలో, కీమో ఎక్కించాక ఏది తింటే కడుపులో నిలుస్తుందో, జుట్టు రాలిన తలకి ఏ గుడ్డ మెత్తగా ఉంటుందో అన్నీ నేర్చేసుకున్నాడు. రోగం నయమై, బూట్లు కట్టుకుని, తెల్లారేసరికి బుచ్చయ్యపేట రోడ్డు మీద పరిగెత్తే పెళ్ళాంతో ఏం చెయ్యాలో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

డాక్టరమ్మ నడవమందని మొదలుపెట్టింది నూకరత్నం. నడక కాస్తా పరుగైంది. ఇప్పుడేమో వచ్చే ఆదివారం విశాఖ బీచ్ రోడ్డులో హాఫ్ మారథానట, ఇరవయ్యొక్క కిలోమీటర్లట. ఇంచుమించు చోడవరం నుంచి మాడుగుల దాకా అన్నమాట. బస్సులో వెళ్ళొస్తేనే పరదేశికి నడుం పట్టేస్తుంది.

ఊరు ఊరుకుంటుందా? చెరకు ట్రాక్టర్ల వాళ్ళు బండి ఆపి, "ఎక్కు వదినా, ఆస్పత్రికేనా?" అని అడిగేవారు. చుట్టాలు యాపిల్ పళ్ళు పట్టుకుని మళ్ళీ పరామర్శకి దిగారు. పరదేశి తల్లి అచ్చియ్యమ్మ అయితే, పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమంది.

పరదేశి బాధ వాళ్ళ మాటల గురించి కాదు. పెళ్ళాం దగ్గర అతనొక సంగతి దాచాడు. ఆమె ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, కొత్త అమావాస్య జాతరకి అనకాపల్లి నూకాలమ్మ గుడికి వెళ్ళి, వెనక జనం తోసేస్తుంటే, "తల్లీ, దీన్ని నాకుంచీ. ఉంచీసేవంటే మరి దాని ఒంటికి సెమట పట్టనివ్వను" అని మొక్కేశాడు. కోడిని మొక్కుకోవచ్చు, చీర మొక్కుకోవచ్చు, తలనీలాలు మొక్కుకోవచ్చు. ఆ గాభరాలో మహానుభావుడికి నోటికొచ్చింది అదే. అమ్మవారు ఉంచింది. పరదేశి కూడా మాట నిలబెట్టుకున్నాడు. నీళ్ళు తనే మోశాడు, పొయ్యి తనే వెలిగించాడు, ఉప్పు లేని పులుసు తనే కాచాడు. డాక్టరమ్మ నడవమనేదాకా పెళ్ళాన్ని మంచం దిగనివ్వలేదు.

ఇప్పుడామె రోజూ పొద్దున్నే చెమటతో తడిసి ముద్దై ఇంటికొస్తోంది. మొక్కు తప్పితే రోగం తిరగబెడుతుందని పరదేశి భయం. తీరా చూస్తే ఆమె బుగ్గలు నిండుతున్నాయి, రెండు పూటలా అడిగి మరీ అన్నం పెట్టించుకుంటోంది. జరుగుతున్నది మేలో కీడో తెలియక, కక్కలేక మింగలేక ఉన్నాడు.

తల్లి చెవిన వేస్తే, "మొక్కు మొక్కేరా. అమ్మోరితో ఆటలేటి?" అంది. పరదేశి ఊరి గుడికెళ్ళి, అమ్మవారిని పువ్వడగమని పూజారి దాసుకి చెప్పాడు. తెల్లపువ్వు పడితే పరిగెత్తవచ్చు, ఎర్రపువ్వు పడితే మానెయ్యాలి. దాసు రెండు పువ్వులూ అమ్మవారి భుజాల మీద పెట్టాడు. గుడిలో కొత్త ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. రెండూ ఒక్కసారే పడ్డాయి.

"అమ్మోరికీ తేలనట్టుంది బాబూ" అన్నాడు దాసు.

మర్నాడు నూకరత్నం గుమ్మంలో కూర్చుని బూట్లు కట్టుకుంటుంటే పరదేశి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇయ్యాల ఎల్లకే. ఆదివారం కూడా వద్దు."

"ఏటైంది మావా?"

అతను మొక్కు సంగతంతా చెప్పేశాడు. నూకరత్నం బూటు తాడు ముడేసి తలెత్తింది.

"నన్నడక్కుండా నా సెమట మొక్కీసేవా?"

"నువ్వు తెలివిలో లేవు గదే."

"తెలివిలోనే ఉన్నాను. ఆ మంచం మీద నేనూ మొక్కేను. నన్ను లేపి నిలబెట్టమ్మా, మరి మంచాన పడుండను, ఒళ్ళలిసేదాకా పరుగులెడతాను అని. ఆ నూకాలమ్మకే."

పరదేశి లెక్కేసుకున్నాడు. ఏ మొక్కు విని బతికించిందా తల్లి? పరుగు ఆపితే ఆమె మొక్కు తప్పుతుంది. ఆపకపోతే తన మొక్కు తప్పుతుంది. ఎటు తప్పినా పోయేది ఆమె ప్రాణమే.

"మరిప్పుడెలాగే?"

"నాకేటి తెలుసు? నీ మొక్కూ నా ఒంటి మీదే, నా మొక్కూ నా ఒంటి మీదే. నీదంటూ ఏటిచ్చేవు మావా ఆ తల్లికి?"

పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయింది. పరదేశి కూడా ఆమె వెనక పరిగెత్తాడు. పొలం పని చేసిన ఒళ్ళే గానీ, చుట్టలు కాల్చిన ఊపిరి. కల్వర్టు దాకా వచ్చేసరికి ఆయాసమొచ్చి దాని గట్టు మీద కూలబడ్డాడు. చెరకు తోటల మధ్య ఆమె చిన్నదై, ఇంకా చిన్నదై, మలుపులో కనబడకుండా పోయింది. ఆస్పత్రిలో ఆపరేషనుకి తీసుకెళ్ళి తలుపులు మూసేసినప్పుడు ఎంత దిగులేసిందో, ఇప్పుడూ అంతే దిగులేసింది.

వెనక అడుగుల చప్పుడు ఆగిపోయిందని గమనించి కాబోలు, ఆమె తిరిగొచ్చింది. అతన్ని చూసి పక్కన కూర్చుంది.

"నువ్వు పోతావేమోనని భయమే నాకు" అని పరదేశి ఏడ్చేశాడు. "మొక్కు తప్పితేనే కాదు, ఊరికే పోతావేమోనని."

"నాకూ భయమే. స్కానింగంటే ముందు వారం నుంచీ నిద్దర పట్టదు. ఇలగ పరిగెడతన్నంతసేపే అది గుర్తుండదు."

"ఆదివారం అంత దూరం ఎల్లగలవా?"

"ఏమో."

"రోగం మరి రాదు గదా?"

"ఏమో మావా."

"మరి నన్నేటి సెయ్యమంటావే?"

ఆమె లేచి, మోకాళ్ళు నిమురుకుంది. "కూకో. నేనొచ్చేదాకా ఇక్కడే కూకో" అంది. మళ్ళీ పరిగెత్తుకుంటూ వెళ్ళింది.

మలుపు తిరిగేదాకా చూశాడు పరదేశి. అలవాటుగా చేతులు రెండూ దగ్గరికొచ్చాయి. అంతలోనే వాటిని విడదీసి, గట్టుని గట్టిగా పట్టుకున్నాడు. భయం ఏమీ తగ్గలేదు. ఏమీ మొక్కుకోకుండా ఆ మలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.