పేరు అడిగిన మనిషి

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు: మంచం మీద గిడ్డంగుల యజమాని, మంచం పక్కన ఆయన భార్య, సోఫాలో ఇద్దరు కొడుకులు, కిటికీ దగ్గర అల్లుడు, ఎందుకొచ్చాడో తనకే తెలియని బావమరిది, పళ్లబుట్టలు పట్టుకుని ఇద్దరు గుమాస్తాలు, గడ్డం గీయడానికి వచ్చి పిలుపు కోసం మూలన నిలబడ్డ ఒకాయన. పదో మనిషి నర్సు. ఆమెను ఎవరూ లెక్కపెట్టలేదు.

నిజానికది ఇల్లు కాదు. ఆసుపత్రి మూడో అంతస్తులో చివరి గది. సోఫాలు, ఫ్రిజ్, కాఫీ కాచుకోవడానికి చిన్న వంటగది, చెప్పులు విప్పుకోవడానికి వేరే జాగా ఉన్నాయి కాబట్టి ఆయాలంతా దాన్ని పెద్దిల్లు అనేవాళ్లు. పెద్దింటికి రోజు అద్దె పద్నాలుగు వేలు. నర్సుకు నెల జీతం పదమూడు వేలు. ఈ లెక్క ఆమెకు తెలుసు గాని, తలుచుకుంటే కాళ్ల నొప్పి ఎక్కువవుతుందని తలుచుకునేది కాదు.

యజమానికి కడుపు ఆపరేషన్ అయి రెండు రోజులైంది. రక్తం తగ్గింది, ఒక ప్యాకెట్ ఎక్కించమని డాక్టరు రాసి వెళ్లాడు. రావలసిన ఇంకో నర్సు రానందువల్ల, పొద్దున ఆరింటి నుంచి ఇద్దరి పని ఒక్కతే చేస్తున్న ఈమె పదకొండు గంటలకు ఆ ప్యాకెట్ తీసుకుని పైకి వచ్చింది. చల్లపెట్టెలోంచి తీసిన రక్తం అరగంట లోపల ఎక్కించడం మొదలుపెట్టాలి.

"ఒకసారి మీ పూర్తి పేరు చెప్పండి, బాబాయిగారూ."

నడింట్లో ఎవరో ఉమ్మేసినట్టు అందరూ ఆమె వైపు చూశారు.

"ఎవరు నీకు బాబాయి?" అన్నాడు యజమాని.

"సూర్యుణ్ణి పట్టుకుని నువ్వెవరని అడిగినట్టుంది" అన్నాడు బావమరిది. నలుగురు నవ్వారు. అతను అంతకు ముందు కూడా ఏదో అన్నాడు గాని అప్పుడెవరూ నవ్వలేదు. అందుకని ఇప్పుడు కాస్త గర్వంగా చుట్టూ చూశాడు.

"పేరు అడిగి, చేతిపట్టీ మీది నంబరు చూసి గాని రక్తం ఎక్కించకూడదండీ. పట్టీ ఏది?"

"ఆయనే కత్తిరించేశారమ్మా" అంది భార్య మెల్లగా. "పశువులకి చెవికి బిళ్ల కొట్టినట్టుందట."

పెద్ద కొడుకు జేబులోంచి కార్డు తీసి రెండు వేళ్లతో చాచాడు. "ఇదిగో, నాన్నగారి కార్డు. చదువొచ్చుగా?"

"వచ్చు బాబూ. కార్డుకి కాదు కదా నేను రక్తం ఎక్కించేది."

"గుమాస్తాల్ని అడుగు. సాక్ష్యం చెబుతారు."

గుమాస్తాలిద్దరూ ఏ సాక్ష్యమో కూడా వినకుండానే తలలూపారు. అది వాళ్లకు అలవాటైన పనే.

ఆ ఆసుపత్రిలో పోయిన నెల, షుగరు ఉన్నామెకు వేయాల్సిన సూది పక్క మంచం అవ్వకు వేశారు. అవ్వ మూడు రోజులు కళ్లు తెరవలేదు. పేరు అడగలేదని ఆ సూది వేసిన పిల్లను ఇంటికి పంపారు. ఒక్క పిల్ల నలభై మంచాల మధ్య ఎలా పరుగెత్తిందో ఎవరూ అడగలేదు. ఆ మర్నాడే మెట్ల దగ్గర గోడ మీద 'రోగి మా దేవుడు' అని బంగారు రంగు అక్షరాలు రాయించారు. పెద్దింట్లో పేర్లు అడగొద్దన్న మాట కూడా ఆ వారమే వచ్చింది. దేవుణ్ణి పేరడిగితే పాపం కాబోలు.

నర్సు ప్యాకెట్ మీది చీటీ మళ్లీ చదివింది. పేరు ఈయనదే. కాని ఆ పేరుతోనే కింద జనరల్ వార్డులో బస్తాలు మోసే మనిషి ఒకడున్నాడు. కాలు నుజ్జయి, మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి, పొద్దుటి నుంచి రక్తం కోసమే చూస్తున్నాడు. ఆమె గదిలోని ఫోను తీసి వార్డుకు చేసింది. "అక్కా, కాలు దెబ్బ ఆయన పట్టీ మీద నంబరు చదువు."

అవతల ఆయా ఒక్కొక్క అంకె చదువుతుంటే, నర్సు ప్యాకెట్ మీద వేలు జరుపుతూ పోయింది. ఒక్క అంకె కూడా తేడా లేదు.

ఆమె ఫోను పెట్టేసి ప్యాకెట్‌ను గుండెలకు దగ్గరగా పట్టుకుంది. "ఇది మీ నంబరు కాదండీ. కింద వార్డులో ఆయనది. గ్రూపు కలవకుండా ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది."

భార్య చెయ్యి మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. మిగతావాళ్లకు ప్రాణం మాట వినబడలేదు.

"అంటే కూలోడి ప్యాకెట్టా తెచ్చింది మా బావకి?" అన్నాడు బావమరిది.

ఇంతలో పెద్ద సిస్టర్ వచ్చింది. పెద్దింటి గుమ్మంలో నవ్వడానికి ఆమెకు ఒక నవ్వు వేరే ఉండేది. అది పెట్టుకునే లోపలికి అడుగుపెట్టింది. నర్సు జరిగిందంతా చెప్పింది.

"సరే, ఆ ప్యాకెట్ కిందకి పంపెయ్, వాడికి ఎక్కిస్తారు."

"ఆయనకీ ఎక్కించకూడదు మేడమ్. పెద్దింట్లో ఎక్కువసేపు నిలబడొద్దన్నారని, పొద్దున గ్రూపు పరీక్షకి రక్తం పట్టే ఇద్దరి గొట్టాలకీ టేబుల్ దగ్గరే ముందు చీటీలు అంటించి, తర్వాత రక్తం తీశారు. ఒకే పేరు. ఏ గొట్టంలో ఎవరి రక్తం పోసి పంపారో ఇప్పుడు దేవుడికే తెలియాలి. ఇద్దరికీ పేరడిగి మళ్లీ తీయాలి. జరిగింది రిజిస్టర్లో రాయాలి."

"ఎవరికీ ఏం కాలేదుగా. కాకుండానే రచ్చ దేనికి?"

"అయ్యాక చేస్తే దాన్ని రచ్చ అనరు మేడమ్, ఏడుపంటారు."

పెద్ద సిస్టర్ నవ్వు కొంచెం పక్కకు జారింది. ఫైల్లోంచి ఒక కాగితం తీసి మంచం బల్ల మీద పెట్టింది. "ఇంకేం మాట్లాడకు. పట్టీ చూశాను, పేరు అడిగాను, రెండూ సరిపోయాయి అని ఉంది. సంతకం పెట్టి కిందకి పో. నెల తిరిగేసరికి నీ ఇంక్రిమెంట్ కాగితం నా చేతి మీదుగానే పోవాలి, గుర్తుందిగా."

నర్సుకు గుర్తుంది. ఆమె తమ్ముడి కాలేజీ ఫీజుకు కూడా గుర్తుంది. పెన్ను తీసుకుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"పేరు అడిగాను, చెప్పలేదు అని రాస్తాను" అంది. "పట్టీ లేదు అని రాస్తాను. చేతికి లేనిది కాగితం మీద ఉందనలేను."

"ఏయ్" అన్నాడు యజమాని. కోపానికి కుట్లు లాగి, మొహం ముడుచుకుని, తమాయించుకుని అన్నాడు, "దీన్ని పంపెయ్. పేరు అడగని దాన్ని పిలువు."

"ఒక్కసారి చెప్పెయ్యండి, ఏం పోయింది?" అంది భార్య. ఆ గదిలో ఆమె మాట కూడా పదో మనిషి మాటే.

మళ్లీ రక్తం తీయడానికి ఇంకొకరిని రమ్మని పెద్ద సిస్టర్ గుమ్మంలోంచి కేకేసింది. నర్సింగ్ చదువుతున్న పిల్ల ఒకతె ట్రే పట్టుకుని పరుగున వచ్చింది. పద్దెనిమిదేళ్లుంటాయి. ట్రేలో సూది, దూది, ఖాళీ గొట్టం. ఖాళీ గొట్టానికి అప్పుడే చీటీ అంటించి ఉంది.

నర్సు ఆ చీటీ చూసింది. పిల్ల కూడా ఆమె చూపు వెంబడే చూసి, ట్రేని కొంచెం తన వైపుకు లాక్కుంది.

"చీటీ పీకెయ్ చెల్లీ" అంది నర్సు. "రక్తం తీశాక, మంచం పక్కనే నిలబడి రాయి. ఆయన నోటితో ఆయన చెప్పాక."

పిల్ల పెద్ద సిస్టర్ మొహం వైపు చూసింది. తర్వాత మంచం వైపు చూసింది. దాని బొటనవేలు చీటీ అంచు మీద ఉంది.

"నువ్వు బయటికి నడువు" అని పెద్ద సిస్టర్ నర్సును చేతిలోని ప్యాకెట్‌తో సహా భుజం పట్టుకుని గడప దాటించి, తలుపు వేసేసింది.