కొత్త వర్షన్ వచ్చే ముందు

మైకేల్ చేసినవాటిలో తబిత చాలావాటిని క్షమించింది గానీ, ఆ డిసెంబరు పొద్దున అతను కౌంటర్ మీద మోచేతులు ఆనించి అన్న మాటను మాత్రం క్షమించలేదు. అప్పుడామె స్పిరిట్‌లో ముంచిన దూదితో కీబోర్డు తుడుస్తోంది. షాపు షట్టర్ ఎత్తగానే రోజూ ఆమె చేసే మొదటి పని అదే.

"వదినా, ఇంక నెల రోజులల్ల కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్‌ది కొత్త వర్షన్ వస్తున్నది. అది ఎక్కించినంక నీకు గీ తుడుసుడు, గీ కొట్టుడు బంద్. ఇంటర్ చదివిన పోరి ఎవరైనా సరే, ఇంగ్లిష్‌ల కొడితే తెలుగుల పడ్తదట. నువ్వు ఇంటికాడ అమ్మను చూస్కుంట నిమ్మలంగ ఉండొచ్చు."

వరమిచ్చినట్టు చెప్పాడు మరిది. పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్న ఎర్నెస్ట్, ఆమె మొగుడు, తల ఎత్తకుండానే "మంచిదే గద" అన్నాడు.

నాంపల్లి స్టేషన్ దాటి కోర్టు వైపు తిరిగే గల్లీలో ఆ మడిగె మీద 'ఎర్నెస్ట్ గ్రాఫిక్స్' అని బోర్డు ఉంటుంది. ఎర్నెస్ట్ గిరాకీతో మాట్లాడతాడు, బిల్లు రాస్తాడు, నడి మధ్యాహ్నం కాసేపు కునుకు తీస్తాడు. మైకేల్ అబిడ్స్‌లో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేశాడు కనుక వైర్లు పీకడం, పెట్టడం అతని పని. పెళ్లి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, కోర్టు దరఖాస్తులు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు, ఇవన్నీ తెలుగులో కూర్చేది తబిత. పొద్దున ఇంట్లో వంట చేసి, అత్తకు బీపీ గోలీ ఇచ్చి, చాదర్‌ఘాట్‌లో బస్సెక్కి వస్తుంది. సాయంత్రం అదే బస్సులో వెనక్కి వెళ్లి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడుతుంది. ఇట్లా పదకొండేళ్లు. గిరాకీ వచ్చి, "ఎర్నెస్ట్ భాయ్, మీ టైపిస్టు ఇయ్యాల రాలేదా?" అని అడిగితే ఎర్నెస్ట్ "వస్తది, చాయ్ తాగుర్రి" అనేవాడు. ఆమె నా భార్య అని ఒక్కరికీ చెప్పలేదు. చెబితే జీతం ఎంతిస్తున్నావని అడగరు గానీ, జీతం ఇయ్యడం లేదని వాళ్లకు తెలిసిపోతుంది. ఆ సంగతి తబితకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పెళ్లికి ముందు ఆమె అట్లా ఉండేది కాదు. పదో తరగతి తప్పి, అబిడ్స్‌లో విద్యావతి మేడం నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ ప్యాసై, నాంపల్లి కోర్టు వరండాలో సొంత తెలుగు టైపు మిషను పెట్టుకుని కూర్చునేది. పేజీకింత అని గొంతెత్తి అడిగి తీసుకునేది. కంప్యూటర్లు వచ్చాక ఎర్నెస్ట్ ఆ టైపు మిషను అమ్మించాడు. ఆ పైసలతోనే తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కొన్నాడు. సాఫ్ట్‌వేర్‌తో పాటు అగ్గిపెట్టెంత తెల్ల డబ్బీ ఒకటి వచ్చింది. దాన్ని లాక్ అంటారు. కంప్యూటర్ వెనక ప్రింటర్ తీగ పెట్టే చోట ముందు దాన్ని స్క్రూలతో బిగించి, దానికి ప్రింటర్ తీగ తగిలించాలి. డబ్బీ ఉంటే తెలుగు వస్తుంది, లేకపోతే రాదు. కంపెనీవాళ్లు మూడు రోజులు నేర్పుతామంటే షాపు విడిచి పోలేనని ఎర్నెస్ట్ తబితను పంపించాడు. అందుకని ఆ డబ్బీ సంగతి ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఏ ఒత్తు ఏ అంకెలు నొక్కితే వస్తుందో అడిగితే ఆమె కూడా నోటితో చెప్పలేదు. గాలిలో వేళ్లు ఆడించి, అప్పుడు చెబుతుంది.

కొత్త వర్షన్ కబురు గల్లీ అంతా పాకింది. జిరాక్స్ షాపు సదాశివ, స్క్రీను అద్దంలా మెరుస్తుందట, చూసినవాడు పాతది ముట్టడట అన్నాడు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మైకేల్ పాత కంప్యూటర్ పత్రికలు నాలుగు కొనుక్కొచ్చి, బొమ్మలు గిరాకీకి కూడా చూపించాడు. "ఈ గల్లీల అందరికన్న ముందు మన మడిగెలనే పడాలె" అని ఎర్నెస్ట్‌కు పట్టుదల వచ్చింది. పాత కంప్యూటర్ మీద అది నడవదని, కొత్తది కొనాలని మైకేల్ తేల్చాడు. ఇంట్లో మేరమ్మ, తబిత అత్త, మాత్రం నమ్మలేదు. "సన్ రెండువేలు వచ్చినప్పుడు గూడ గిట్లనే అన్నరు. మిషిన్లన్ని ఆగుతయంటే నేను బియ్యం, గ్యాసునూనె తెచ్చి పెట్టుకున్న. ఏది, ఒక్క గడియారమన్న ఆగిందా? గా నూనె ఇంక మంచం కిందనే ఉన్నది."

తబితకు భయం పట్టుకుంది. ఆమె చేతిలో అప్పుడు పాటల పుస్తకం ఉంది. మెదక్ దగ్గర ఒక క్రైస్తవ సంఘంవాళ్లు తమ గుడికి తొంభై ఏళ్లు నిండుతున్నాయని నాలుగు వందల పన్నెండు పాటలతో పుస్తకం వేయిస్తున్నారు. ఈస్టర్‌కు అందాలి. పాత పుస్తకంలో అక్షరాలు అరిగిపోయి, తప్పులు పడి, కొన్ని పాటలకు చివరి చరణాలే లేవు. గుడి పాస్టరయ్యగారు నెలకు రెండుసార్లు బస్సులో వచ్చి ఆమె పక్కన కూర్చుని, ముసలివాళ్ల నోట విన్న చరణాలు పాడి వినిపించేవాడు. ఆమె వింటూ కొట్టేది. మూడు వందల డెబ్బై ఒక్కటి అయ్యాయి. "చివరి పేజీల నీ పేరు వేయిస్తనమ్మా" అన్నాడాయన ఒకనాడు. ఎన్ని వేల పెళ్లికూతుళ్ల పేర్లు, ఎంతమంది పోయినవాళ్ల పేర్లు ఆ వేళ్ల కింద నుంచి పోయాయో! తన పేరు ఒక్కసారి కూడా అచ్చులో చూసుకోలేదని ఆ మాట విన్నాకే ఆమెకు తట్టింది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రెండు రోజులు ఆలోచించి, అన్నం వడ్డిస్తూ ఎర్నెస్ట్‌తో అంది. "ఈస్టర్ దాంక ఆగుర్రి. పాటల పుస్తకం కానీయుర్రి. కొత్త మిషిన్‌ల మన లాక్ పట్టదు. దాని వెనక ఆ సందే ఉండదట."

ఎర్నెస్ట్ తమ్ముడి వైపు చూశాడు. మైకేల్ నవ్వాడు. "ఎవరు చెప్పిన్రు వదినా?"

"లాక్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేసి అడిగిన."

"వాళ్లు గట్లనే చెప్తరు, వాళ్లది వాళ్లు అమ్ముకోవాలె గద. నా దగ్గర సీడీ ఉన్నది, లాకు లేకుంటనే తెలుగు వచ్చే సీడీ. నువ్వు కొట్టుడు వరకు చూస్కో. లోపల ఏముంటదో నీకు తెల్వది."

"తెల్వకపోతే ఊకో రాదా," అన్నాడు ఎర్నెస్ట్. "ప్రతిదాంట్ల అడ్డం పడ్తవ్. కూర ఇంకింత ఎయ్యి."

ఆమె కూర వేసింది. ఆ కూర గిన్నెను ఎత్తిపట్టుకున్న చేతిని చూసుకుంటూ, ఇదే చెయ్యి రోజుకు ఇరవై పేజీలు కొడుతుందని, ఈ చేతికి ఏమి తెలుసో ఈ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒక్కరికీ తెలియదని అనుకుంది. తరవాత మేరమ్మ వంటింట్లోకి వచ్చి మెల్లగా, "మొగోళ్లు ఏదో చేస్తున్నరు బిడ్డా, చెడితే వాళ్లదే చెడ్తది, నీకెందుకు ఫికర్," అంది. ముసలామె మంచికే చెప్పింది. చెడినప్పుడల్లా సాపు చేసింది ఎవరో ఆమెకు మాత్రం ఎట్లా తెలుస్తుంది? మైకేల్ ఫైళ్లు చెరిపేస్తే రెండుసార్లు మళ్లీ కొట్టింది తబిత. ఎర్నెస్ట్ పత్రికలో ముహూర్తం తప్పు రాసుకొస్తే, ఆమె వెయ్యి కార్డుల మీద చేత్తో దిద్దింది. చెడడం వాళ్ల వంతు, దిద్దడం ఆమె వంతు. అందుకనే చెడడానికి వాళ్లకెప్పుడూ భయం లేదు.

జనవరి ఆఖరి సోమవారం మైకేల్ స్కూటర్ మీద కొత్త కంప్యూటర్ తెచ్చాడు. పాతదాన్ని గౌలిగూడలో కిషన్ అనే సెకండ్‌హ్యాండ్ షాపాయనకు ఇచ్చేస్తున్నాడు. పాటలన్నీ సీడీలోకి ఎక్కించాను, ఫికర్ లేదు అన్నాడు. టేబుల్ కిందకు వంగి తీగలు ఒక్కొక్కటే పీకాడు. ప్రింటర్ తీగను పీకినప్పుడు తబిత చూసింది. తీగ వచ్చింది, డబ్బీ రాలేదు. తెల్లడబ్బీ దుమ్ముపట్టి మిషన్ రంగులో కలిసిపోయి, స్క్రూలతో బిగుసుకుని అట్లాగే ఉంది. మైకేల్‌కు అది మిషన్‌లో ఒక భాగంలానే కనిపించింది.

"మైకేల్, వెనక చూడు, ఆ..."

"వదినా, నువ్వు జర పక్కకు జరుగు. ఊకె నెత్తి తింటవ్. పోయి మూడు చాయ్ చెప్పు, పో."

ఎర్నెస్ట్ కూడా చెయ్యి ఊపాడు, పొమ్మని. గిరాకీ ఇద్దరు చూస్తున్నారు. వాళ్లలో ఒకడు నవ్వాడు.

తబిత మెట్టు దిగి చాయ్ చెప్పడానికి వెళ్లింది. ఇరవై అడుగులుంటుంది హోటలు. వెనక్కి పోయి, "అది తీసి పెట్టుర్రి" అంటే చాలు. ఒక్క మాట. అంటే ఏమవుతుంది? మైకేల్ స్క్రూలు విప్పి, "దీనికేనా గింత లొల్లి" అంటాడు. లాకు మిగులుతుంది. కొత్త మిషన్‌లో పట్టదు. అప్పుడు డ్రాయర్‌లో పడి ఉంటుంది. ఆమె కూడా అంతే, ఒక డ్రాయర్‌లో. అనకపోతే మూడు వందల డెబ్బై ఒక్క పాటలు లాకుతో కలిసే ఆ స్కూటర్ మీద పోతాయి. పాటలు ఎవరివి, తనవి కావూ? హోటలాయన రెండుసార్లు అడిగాడు, ఎన్ని చాయ్ అని. "మూడు," అంది. ఆమె చాయ్ పట్టుకుని వచ్చేసరికి మిషన్ తాడుతో కట్టేసి ఉంది, స్కూటర్ స్టార్టయింది. ఆమె గ్లాసులు కౌంటర్ మీద పెట్టింది. స్కూటర్ గల్లీ మలుపు తిరిగేదాకా డబ్బీ వైపే చూసింది.

మంగళవారం కొత్త స్క్రీను నిజంగానే అద్దంలా మెరిసింది. బుధవారం పాటల సీడీ పెట్టారు. మొదటి పాట తెరిస్తే డాలరు గుర్తులు, నక్షత్రాలు, తలకిందుల ప్రశ్నార్థకాలు. రెండో పాటా అంతే. లాకులేని సీడీ లాకు అడిగింది. మైకేల్ షర్టు తడిసిపోయింది. కొత్త పద్ధతిలో ఇంగ్లిష్‌లో కొడితే తెలుగు పడింది గానీ ఒత్తులు కిందకు రాక, పక్కన నిలబడ్డాయి. పెళ్లి పత్రిక కోసం వచ్చినాయన చూసి, "గిదేంది భాయ్, లక్ష్మి విరిగిపోయింది" అని కాగితం తీసుకుని వెళ్లిపోయాడు.

ఎర్నెస్ట్ తబిత వైపు తిరిగాడు. కోపం కూడా లేదు ఆ ముఖంలో, అదే ఆమెను కాల్చింది. "మళ్ల మొదలు పెట్టు. ఒక్కో పాట ఎంతసేపు పడ్తది? కొత్తదాంట్లనే అలవాటు చేస్కో. ఈస్టర్ దాంక సాయంత్రాలు గూడ కూసో. అమ్మకు అన్నం నేను బయట నుంచి తెస్త తీ."

ఆ చివరి మాట త్యాగంలా చెప్పాడు.

"రేపు దవాఖానకు పోవాలె," అంది తబిత. అబద్ధం. పదకొండేళ్లలో షాపు విషయంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం.

మర్నాడు గౌలిగూడ బస్టాండు వెనక సందులో కిషన్ షాపు వెతుక్కుంటూ పోయింది. ఈపాటికి అమ్మేసి ఉంటే? విప్పి ముక్కలు చేసి ఉంటే? ఒకదాని మీద ఒకటి పేర్చిన పాత మిషన్లలో కింది వరుసలో తమది కనిపించింది. ఆమె నేల మీద కూర్చుని వెనకవైపు వేళ్లతో తడిమింది. డబ్బీ ఉంది.

"ఏంది అక్కా, గంత ఖుషీ అయితున్నవ్?" అన్నాడు కిషన్. "గా డబ్బీ ఏంది?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్న ఒకటి చెప్పింది, దాని రుచి బాగాలేదు. "అది లేకుంటే ఈ మిషన్‌ల తెలుగు రాదు. దీంట్ల నా పాటలున్నయ్. నీకు అది పనికి రాదు, నాకు వస్తది. రెండు కలిపి ఎంతకిస్తవో చెప్పు."

కిషన్ మిషన్ ఆన్ చేసి చూపించాడు. పాటలున్నాయి, చివరి చరణాలతో సహా. ఇంటి ఖర్చులో మిగిల్చి దాచుకున్న పైసలు ఆమె లెక్కపెట్టి ఇచ్చింది. అతను బిల్లు పుస్తకం తీసి, "పేరు ఎవరిది రాయాలె? సార్‌దా?" అన్నాడు.

"తబిత," అంది ఆమె. "నాదే."

ఆమె మిషన్‌ను నాంపల్లికి తీసుకుపోలేదు. రిక్షాలో పెట్టుకుని అబిడ్స్‌లో విద్యావతి మేడం దగ్గరికి వెళ్లింది. ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకునేవాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు, ఇరవై టేబుళ్లలో పద్దెనిమిది ఖాళీ. కథంతా విని మేడం కళ్లజోడు తుడుచుకుని, "కిటికీ పక్కది తీసుకో, గాలి వస్తుంది. కిరాయి సంగతి పుస్తకం అయినాక మాట్లాడుకుందాం," అంది. శుక్రవారం నుంచి తబిత షాపుకు పోవడం మానేసి అక్కడే కూర్చుంది. ఇంట్లో వంట చేసింది, గోలీ ఇచ్చింది, ఎక్కడికి పోతున్నావంటే పనికి అంది. ఎర్నెస్ట్ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మెట్లెక్కి వచ్చాడు, ఆయాసపడుతూ.

"అయ్యగారు ఫోన్ చేసిండు. పాటలు దొరికినయట. ఇది మన మిషిన్ కాదా?"

"మన షాపుల ఉండె. మీరు అమ్మిన్రు. నేను కొన్న."

"మొగుడి షాపు ఇడిసిపెట్టి ఇంకోరి కాడ కూసుంటవా? నలుగురు ఏమంటరు?"

"మీ టైపిస్టు ఇయ్యాల రాలేదా అంటరు."

ఎర్నెస్ట్ కుర్చీ లాక్కున్నాడు గానీ కూర్చోలేదు. ఆమె చేతులు ఆపలేదు. కాసేపటికి అతని గొంతు తగ్గింది. "సరే, అయింది. ఒక ఆటో మాట్లాడి మిషిన్‌ను షాపుకు పంపిస్త. మైకేల్‌ను నేను తిడ్త."

"మిషిన్ ఎక్కడికీ రాదు. మీకు తెలుగు పని వస్తే కాగితం ఇక్కడికి పంపుర్రి. పేజీకింత అని మేడం గోడ మీద రాసి పెట్టింది, చూస్కోర్రి."

అతను గోడ వైపు చూడలేదు. ఆమె టేబుల్ మీద, కాగితాలు ఎగరకుండా పెట్టిన గాజు గుండు కింద కిషన్ ఇచ్చిన బిల్లు ఉంది. వంగి అందులో అంకె చదివాడు, రెండు వేల నాలుగు వందలు. పెదవులు కదిలాయి. లెక్క చేసుకుంటున్నాడని ఆమెకు తెలిసింది. పాత డబ్బా పోతే పోయిందని ఆ సోమవారం కిషన్ దగ్గర మైకేల్ పుచ్చుకున్నది పద్దెనిమిది వందల యాభై, అందులో పెట్రోలుకు యాభై పోగా ఎర్నెస్ట్ చేతికి వచ్చింది పద్దెనిమిది వందల రూపాయలు.