ఎర్ర గీత పెట్టిన మొద్దు

మా అన్నయ్య చెట్లు కొట్టేవాడు. కోసిన ప్రతి మొద్దు మీదా ఎర్ర రంగుతో అడ్డగీత గీసేవాడు. దీని పని అయిపోయింది, ఇక ఇటు చూడక్కర్లేదని అర్థం. ఆఖరి చెట్టు పడుతూ పడుతూ అతని కుడిచెయ్యి తీసుకుపోయింది. అప్పట్నుంచీ ఈ చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. రేపు పొద్దున్నే వికలాంగుల హాస్టలుకి వెళ్లిపోతాడట. మాతో ఒక్క మాటైనా అనకుండా సంచీ సర్దేసుకున్నాడు. వెళ్లొద్దని నేనూ నోరు తెరిచి అనలేదు. పౌరుషం అతనొక్కడికేనా ఉండేది?

"పోయేముందు ఆ ఆఖరి చెట్టు మొద్దునోసారి చూడాలి," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా తీసుకెళ్లాను.

అడవి దారికి అటూ ఇటూ ముసలి చెట్లు. తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. అన్నయ్య బూటు లేసు ఊడిపోయింది. కట్టడానికి వంగాను.

"వద్దన్నానా! నేను చూసుకుంటా."

"చూసుకో. బోర్లా పడితే లేపాల్సింది మళ్లీ నేనేగా."

లేసును అలాగే ఈడ్చుకుంటూ నడిచాడు.

మొద్దు కనబడగానే ఇద్దరం నిలబడిపోయాం. రంపం కోసిన అంచు మీదికి కొత్త బెరడు లావుగా పొర్లుకొచ్చింది. ఎర్ర గీతలో సగం దాని కింద మునిగిపోయింది. కొమ్మ లేదు, ఒక్క ఆకూ లేదు. అన్నయ్య ఎడంచేత్తో కత్తి తీసి బెరడు గీకాడు. లోపల పచ్చగా, తడిగా ఉంది.

"బతికే ఉందే!" మొహం పాలిపోయింది. "నేనే కోశానే దీన్ని!"

చచ్చిపోయాడనుకున్న మనిషి కళ్లు తెరిచినట్టే ఉంది. ఆకు లేకుండా తిండెక్కడిది? చుట్టూ తిరిగి చూశాను. వాలువైపు వానకి మట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడ్డాయి. మొద్దు వేరూ, పక్కనున్న ముసలి చెట్టు వేరూ ఒరుసుకుని ఒకటిగా అతుక్కుపోయాయి. ఏది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

అన్నయ్య అక్కడే కూలబడ్డాడు. బతుకంతా అడవిలో గడిపినా, గీత గీశాక ఏ మొద్దు దగ్గరికీ తిరిగి వెళ్లినవాడు కాదు.

"ఇన్నాళ్లూ ఈ పక్క చెట్లే దీన్ని మేపుతున్నాయా? ఎందుకే? నీడివ్వదు, కాయ కాయదు. దీనివల్ల వాటికేం లాభం?"

"వాటినే అడుగు!" అని కసిరాను. "సంచీ సర్దుకునేముందు నన్నడిగావా?"

అన్నయ్య ఆ అతుకు మీద చెయ్యి వేసి తడిమాడు. తర్వాత, నావైపు చూడకుండా, లేసు ఊడిన కాలు ముందుకు చాపాడు.

"కట్టు," అన్నాడు. "మరీ బిగించకు. ఇంటిదాకేగా."