నీడ లేని దీపాలు

ఛాయాదేవిని చేపట్టి, తన వెలుగుకు నీడను తోడు చేసుకొన్న సూర్యభగవానుడికి ముందుగా నమస్కారం.

కంప్యూటర్‌లో బొమ్మల సినిమాలు తీసే ఆ సంస్థలో ఆమెను అందరూ దీపాలమ్మ అనేవారు. దృశ్యాలకు వెలుగులు అమర్చడం ఆమె పని. పక్క బల్ల దగ్గర కూర్చునే ఆమె ఆడపడుచు బొమ్మలకు కదలికలు నేర్పేది. కొత్త సినిమాలో ఒక వృద్ధురాలు కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించే దృశ్యం ఈ ఇద్దరి చేతికీ వచ్చింది. ఒక కన్ను మూసి, దారపు కొసను పెదవులతో తడిపి, గురి తప్పితే తనలో తాను నవ్వుకునే ఆ తీరు ఆడపడుచు కల్పించినది కాదు. కిందటి ఏడు కన్నుమూసిన తన తల్లిది. దీపాలమ్మకు ఆవిడ అత్తగారు.

అంతటి దృశ్యానికి గండం వచ్చిపడింది. చండశాసనుడని పేరుపడ్డ దర్శకుడు చూసి, ముసలావిడ కుర్చీలో కూర్చున్నట్టు లేదనీ, గాలిలో తేలుతున్నట్టుందనీ, మరునాటి మధ్యాహ్నానికి ఆవిణ్ణి నేల మీదికి దించకపోతే దృశ్యమే తీసివేస్తాననీ తేల్చి చెప్పాడు.

దీపాలమ్మ తప్పు ప్రేమవల్ల పుట్టినదే. అత్తగారి ముఖం మీద ఇసుమంత చీకటి పడకూడదని దీపం మీద దీపం పెట్టింది. దీపానికొక నీడ చొప్పున కుర్చీ చుట్టూ ముసురుకుంటే, అమ్మను సాలీడును చేశావని ఆడపడుచు వెక్కిరించింది. కంప్యూటర్‌లో దీపాన్ని వెలగనిచ్చి, దాని నీడను మాత్రం ఆపివేయవచ్చు. ఉడుక్కున్న దీపాలమ్మ అన్నిటికీ ఆ పనే చేసింది. అంతటితో ముసలావిడ కాళ్ళు నేలకు ఆనడం మానేశాయి.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు తెరవంక చూసి నిట్టూర్చింది.

"నీడ పడనిది దేవతలకే కదా వదినా. అమ్మ బతికుండగా ఇంత గౌరవం ఎప్పుడైనా ఇచ్చావా?"

హాస్యమే అయినా ములుకులా గుచ్చుకుంది. దీపాలమ్మ దీపాలన్నీ ఆర్పివేసింది. ఆ గదిలోకి వెలుగు నిజంగా ఎక్కడినుంచి వస్తుందని తనను తాను అడిగింది. కిటికీ నుంచి, బల్ల మీది దీపం నుంచి. అంతే.

ఆ వెలుగులనే ఉంచి, వాటి నీడలను మళ్ళీ పడనిచ్చింది. ముందు సూర్యుణ్ణి సరిదిద్దింది. ఇన్నాళ్ళూ కిటికీ బయట ఒక బల్బు వేలాడదీసి సూర్యుడనిపించింది; ఊచల నీడలు విసనకర్రలా విచ్చుకుని గుట్టు రట్టుచేసేవి. ఇప్పుడు కిరణాలను అనంత దూరం నుంచి సమాంతరంగా పంపింది. నీడలు పద్యపాదాల్లా వరుసగా పరుచుకున్నాయి. ఆకాశపు వెలుగుకు కిటికీ అంత వెడల్పు ఇచ్చింది. కుర్చీ కాలి మొదట్లో నేలను గట్టిగా పట్టుకున్న నీడ, దూరం జరిగేకొద్దీ మెత్తబడింది. బల్ల దీపం అంతవరకు కొలతే లేని చుక్క. నీడలు కత్తితో కోసినట్టుండేవి. దానికి నిమ్మపండంత శరీరం ఇచ్చింది. సూది నీడ వేలిమీద సన్నగా, స్పష్టంగా నిలిచింది. మోచేతి నీడ వెనక గోడమీద అంచులు కరిగి ఒదిగింది.

ముఖం సగం చీకట్లో పడిందని మరో దీపం పెట్టబోయి ఆగింది. తేరిపార చూసింది. ఆ చీకట్లోనే ముడతలు తేలాయి, ముడతల్లో అత్తగారి నవ్వు తేలింది.

మధ్యాహ్నం చండశాసనుడు చూశాడు. మళ్ళీ వేయమన్నాడు. రెండోసారి ముగిసేసరికి చేతిలోని ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

"ఈ సీన్ జోలికి ఎవరూ వెళ్ళొద్దు. సినిమా ఈవిడతోనే మొదలుపెడదాం."

గదంతా చప్పట్లతో మారుమోగింది. ఆడపడుచు తెరమీది నుంచి చూపు తిప్పకుండానే వదిన చెయ్యి అందుకుంది.

"అమ్మ కూర్చుంది వదినా."

ఈ కథ విన్నవారి ఇళ్ళలో వెలుగు నిండుగాక. ఆ వెలుగును సగర్వంగా మోసే నీడ ప్రతివారి పాదాల వెంట చిరకాలం నడుచుగాక.